పైన బూడిద మేలు, కింద బూడిద కీడు



ఈ నెల గోడపత్రికకు నేను మా ఇంటి బొగ్గుల పొయ్యి గురించి వ్రాస్తున్నాను. ఈ మాట చెప్పగానే మా గదిలో అందరూ నవ్వినారు. "గ్యాసు కాలంలో బొగ్గుల పొయ్యి ఏందే?" అన్నారు. నిజమే. 1999లో మన రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది. 2016లో దేశమంతా ఉజ్వల పథకం వచ్చింది. మా తండాలో కూడా చాలా ఇళ్ళలో గ్యాసు బండ ఉంది. మా ఇంట్లోనూ ఉంది. కానీ మా అవ్వ ఆదోనిలో రోడ్డు పక్కన టీ అంగడి పెట్టుకుంది. ఇంటికి ఇచ్చే 14.2 కిలోల బండను వ్యాపారానికి వాడకూడదు. వ్యాపారానికి వేరే 19 కిలోల బండ ఉంటుంది, దాని ధర మా అవ్వకు అందదు. అందుకే పొద్దున ఇంట్లో అన్నం వండే బొగ్గుల పొయ్యినే తరువాత అంగడికి మోసుకుపోతాం. మన ఊళ్ళలో ఇస్త్రీ బండి దగ్గర, కమ్మరి కొలిమిలో, జాతర అంగళ్ళలో ఇంకా బొగ్గు కాలుతూనే ఉంది. మనలో చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరు దాని దగ్గర కూర్చుంటున్నారు. కాబట్టి నవ్వకుండా చదవండి.

ఎందుకు వ్రాస్తున్నానంటే

సంక్రాంతి సెలవుల్లో నేను ఇంటికి పోయినాను. అమ్మానాయన అప్పటికే సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతలకు పోయినారు. ఇంట్లో అవ్వ, చిన్నాన్న, మా చెల్లెలు ఉన్నారు. చెల్లెలికి ఆరేండ్లు. అది ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతర సమయం. అక్కడ అంగడి పెడితే నాలుగు డబ్బులు వస్తాయని చిన్నాన్న పొయ్యి, సామాను ఆటోలో వేసినాడు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు సుమారు ముప్పై కిలోమీటర్లు.

మొదటి రోజు బాగానే గడిచింది. రెండో రోజు సాయంత్రం జనం కిటకిటలాడుతుండగా పొయ్యిలోని ఇనప జాలీ నడుమకు కూలిపోయింది. నిప్పులన్నీ కిందికి పడినాయి. పైనున్న పాలగిన్నె ఒరిగి పాలన్నీ పారిపోయినాయి. చిన్నాన్న తొందరలో నిప్పును, బూడిదను పారతో ఎత్తి అంగడి వెనక పోసి ఒక చెంబు నీళ్ళు చల్లినాడు. పైన తెల్లగా అయింది. అందరం ఆరిపోయింది అనుకున్నాం. కాసేపటికి చెల్లెలు గ్లాసులు కడిగే నీళ్ళ కోసం ఉట్టి కాళ్ళతో అటు పోయి ఆ బూడిదలో కాలు పెట్టింది.

"నివురు గప్పిన నిప్పు" అనే జాతీయం మనం తెలుగు పుస్తకంలో చదువుకున్నాం, సొంత వాక్యంలో ప్రయోగించినాం. దాని అర్థం నాకు ఆ సాయంత్రం తెలిసింది.

అవ్వ కంగారుగా పేస్టు పూయబోయింది. పక్క అంగడి అక్క ఆపి, "ముందు నీళ్ళు పోయండి, పోస్తూనే ఉండండి" అనింది. ఇరవై నిముషాలు చల్లని మామూలు నీళ్ళు పోసి, ఉతికిన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకుపోయినాం. చెల్లెలు మళ్ళీ నేలమీద కాలు సరిగా పెట్టడానికి నెల పట్టింది. ఫోనులో ఈ సంగతి విని అమ్మ ఏడ్చింది. కూలి అడ్వాన్సు తీరకుండా వస్తే మేస్త్రీ ఒప్పుకోడు, రాకపోతే మనసు ఒప్పుకోదు. చివరికి రాలేకపోయింది. మా అంగడి జాతరలో ఇంక తెరవలేదు.

ఇంత జరగడానికి మూలం నాలుగు ఇనప కడ్డీలు వంగిపోవడం. అవి ఎందుకు వంగినాయో తెలుసుకోవాలని నాకు పట్టుదల కలిగింది.

పొయ్యిలో ఏముంటుంది?

మా పొయ్యి పాత నూనె డబ్బాతో చేసింది. లోపల రెండు వేళ్ళ మందం బంకమట్టి మెత్తినారు. నడుమ ఇనప కడ్డీలు వరుసగా పేర్చిన జాలీ ఉంటుంది. జాలీ మీద బొగ్గు కాలుతుంది. జాలీ కింద బూడిద రాలే గూడు ఉంటుంది. ఆ గూటికి ముందు వైపు ఒక కన్ను ఉంటుంది. గాలి ఆ కంట్లోంచి లోపలికి పోయి, కడ్డీల సందుల్లోంచి పైకెక్కి, బొగ్గును మండిస్తుంది. బూడిద కూడా ఆ సందుల్లోంచే కిందికి రాలాలి. అంటే గాలికి, బూడిదకు దారి ఒక్కటే. ఒకటి పైకి పోవాలి, ఒకటి కిందికి రావాలి. ఈ దారి మూసుకుపోతే పొయ్యి పాడవుతుంది.

ఇంత బూడిద ఎక్కడిది?

కంప బొగ్గు, అంటే సర్కారు తుమ్మ కాల్చి చేసిన కట్టె బొగ్గు, కాలితే బూడిద కొంచెమే మిగులుతుంది. నూరు కిలోలకు ఐదు కిలోలు కూడా మిగలడం అరుదు. రాక్షసి బొగ్గు అట్లా కాదు. మన దేశపు నేలబొగ్గు నూరు కిలోలు కాలిస్తే సుమారు ముప్పై నుంచి నలభై కిలోల దాకా బూడిదే. అవ్వ రోజుకు ఐదు కిలోలు కాలుస్తుంది. నేను ఒకరోజు బూడిదను తక్కెడలో వేస్తే రెండు కిలోలకు కొంచెం తక్కువ తూగింది.

కారణం సైన్సు పుస్తకంలో సగం ఉంది. మన గోదావరి లోయలోని బొగ్గు సుమారు 25 నుంచి 30 కోట్ల సంవత్సరాల క్రిందటి చెట్లది. ఆ చెట్లు, ఆకులు నీళ్ళలో కొట్టుకువచ్చి ఒకచోట పేరుకున్నప్పుడు వాటితో పాటు మన్ను, ఇసుక కూడా వచ్చి కలిసినాయి. చెట్టు బొగ్గయింది, మన్ను మన్నుగానే ఉండిపోయింది. బొగ్గు కాలిపోయాక మనకు మిగిలేది ఆ మన్నే. 1871లో ఇల్లెందు దగ్గర ఈ బొగ్గును విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త గుర్తించినాడు. 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి అనే ఊరి పేరే ఆ గనులకు వచ్చింది.

కొందరు బొగ్గు పొడిని మట్టి, పేడ కలిపి ఉండలు చేసి ఎండబెట్టి కాలుస్తారు. పొడి వృథా కాకపోవడం మంచిదే. కాని మట్టి కలిపినంత బూడిద అదనంగా వస్తుందని గుర్తుంచుకోవాలి.

రైలు తాత చెప్పిన పాఠం

మా అంగడికి రోజూ టీకి వచ్చే ఒక తాత ఉన్నాడు. చిన్నతనంలో గుంతకల్లులో బొగ్గు ఇంజను మీద ఫైర్‌మన్ పని చేసినాడు. ఇంజను పొయ్యిలోకి పారతో బొగ్గు వేయడం ఆయన పని. ఆదోని మీదుగా పోయే మద్రాసు, రాయచూరు లైను 1871 నాటికే పూర్తయింది. నూరేండ్లకు పైగా ఆ దారిలో ఆవిరి ఇంజన్లు నడిచినాయి. 1995 ఆఖరుకు దేశంలో పెద్ద లైన్ల మీద మామూలు రైళ్ళకు అవి ఆగిపోయినాయి. "ఇంజను బూడిదలో సగం కాలిన బొగ్గు ఏరుకొని మా అమ్మ వండేది" అని తాత చెప్తాడు.

వేసవి సెలవుల్లో నేను వంగిన కడ్డీలు ఆయనకు చూపించినాను. కొన్నప్పుడు బొటనవేలంత లావు ఉన్నవి, నడుమ చిటికెనవేలంత అయినాయి. పైన నల్లటి పెచ్చులు. గోటితో గీరితే ఊడి వస్తున్నాయి.

"పాపా, మంట పైన కదా ఉండేది. మరి కడ్డీ కింది పక్క ఎందుకు ఎక్కువ తినేసింది? చూడు" అన్నాడు.

చూస్తే నిజమే. కింది పక్కే ఎక్కువ పోయింది. నాకు జవాబు తోచలేదు.

"మీ అవ్వ గూట్లో బూడిద ఎప్పుడు తీస్తుంది?"

"నిండినప్పుడు."

"అదే జబ్బు. కింద బూడిద చూడకుండా పైన మంట చూసేవాడిని మేం ఫైర్‌మన్ అనేవాళ్ళం కాదు" అన్నాడు.

ఆయన చెప్పింది నేను మన భౌతికశాస్త్రం పాఠంతో కలిపి అర్థం చేసుకున్నది ఇది. కణకణలాడే బొగ్గు వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. ఇనుము ఆరువందల డిగ్రీల చుట్టుపక్కలకు పోతే మెత్తబడుతుంది, బరువుకు నెమ్మదిగా వంగుతుంది. అంతే కాక ఆ వేడిలో గాలిలోని ఆక్సిజన్‌తో త్వరగా కలిసి పెచ్చులు కడుతుంది. మామూలు తుప్పు ఏండ్లకు చేసే పనిని ఈ వేడి తుప్పు నెలల్లో చేస్తుంది. మరి కడ్డీలు రోజూ నిప్పు కిందనే ఉన్నా ఎట్లా నిలుస్తాయి? కింది నుంచి వచ్చే చల్లగాలి వాటిని తాకుతూ పోతుంది కాబట్టి. మంటను పెంచే ఆ గాలే కడ్డీని చల్లార్చే గాలి కూడా.

గూడు బూడిదతో నిండితే మూడు అనర్థాలు జరుగుతాయి. గాలి తగ్గుతుంది. కడ్డీ కింది పక్క వేడి బయటికి పోవడానికి దారి ఉండదు. రాలిన ఎర్ర నిప్పులు ఆ బూడిద మీద కూర్చొని కడ్డీని కింది నుంచి కూడా కాలుస్తాయి. అప్పుడు కడ్డీకి పైనా నిప్పే, కిందా నిప్పే. రొట్టెను రెండు పక్కలా కాల్చినట్టు కాలిపోతుంది.

పై బూడిద సంగతి దీనికి తిరకాసు. జాలీ మీద పలుచగా ఒక పొర బూడిద ఉంటే అది నిప్పుకు, ఇనుముకు నడుమ దుప్పటి మాదిరి ఉంటుంది. కడ్డీకి నేరుగా నిప్పు తగలదు. మా అవ్వ ప్రతి పొద్దునా జాలీని అద్దంలా గీకి, కింద గూటిని మాత్రం వదిలేసేది. సరిగ్గా తలకిందులు పని. అందుకే రెండు నెలలకోసారి కడ్డీలు కొనేది.

నేను ఒక చిన్న పరీక్ష చేసినాను. రాత్రి దీపం ఆర్పి, పొయ్యి కంటి ముందు వంగి చూసినాను. గూడు ఖాళీగా ఉన్నప్పుడు కడ్డీల కింది పక్క నల్లగా కనిపించింది. బూడిద కడ్డీలకు తగిలేంత నిండినప్పుడు గూడంతా ఎర్రగా వెలుగుతోంది, ముందు వైపు కనబడే కడ్డీ కూడా ఎర్రగా ఉంది. ఇది ఎవరైనా చేసి చూడవచ్చు. మొహం దగ్గరగా పెట్టరాదు, జడను వెనకకు కట్టుకోవలెను.

బూడిద తీసే పద్ధతి

ఇప్పుడు మా ఇంట్లో చేసే క్రమం వ్రాస్తున్నాను.

1. పొద్దున పొయ్యి చల్లగా ఉన్నప్పుడు మొదట గూటిని పూర్తిగా ఖాళీ చేయాలి. తరువాతే పైన కదిలించాలి. ముందు పైన కదిలిస్తే దుమ్మంతా లేచి మన ఊపిరిలోకి పోతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది.

2. జాలీ మీద అర అంగుళం బూడిద ఉంచి మిగతాది రాల్చాలి. పెద్ద గడ్డలు మాత్రం ఏరి తీసేయాలి.

3. పొయ్యి మండుతున్నప్పుడు బూడిద రాల్చాలంటే పై నుంచి పొడవకూడదు. కొన వంచిన సన్నని కడ్డీని కింది కంట్లోంచి పెట్టి జాలీ సందుల్లో ముందుకూ వెనకకూ మెల్లగా ఆడించాలి. బూడిద రాలుతుంది. ఎర్ర రవ్వలు పడటం మొదలు కాగానే ఆపేయాలి. ఇంకా కదిపితే మంచి నిప్పు వృథా అవుతుంది, కడ్డీలు బట్టలు లేనట్టు మిగులుతాయి.

4. పై నుంచి పొడిస్తే ఏమవుతుంది? కింద చల్లగా ఉన్న బూడిద పైకి లేచి నడి నిప్పులో పడుతుంది. అక్కడి వేడికి కరిగి, ముద్దలై, చల్లారినాక గాజు రాయి మాదిరి గట్టిపడుతుంది. దీన్ని చిట్టెం అంటారు. రైలు వాళ్ళు క్లింకర్ అంటారు. చిట్టెం కడ్డీలకు అతుక్కుంటే గాలి సందు మూసుకుపోతుంది. దాన్ని సుత్తితో కొట్టి తీయబోతే కడ్డీ వంగుతుంది. చల్లారినాక దానంతట అది కొంచెం వదులవుతుంది, అప్పుడు మెల్లగా పెరికి తీయాలి.

5. మధ్యాహ్నం మరొకసారి గూడు ఖాళీ చేయాలి. గూడు సగం నిండిందంటే తీయాల్సిందే. కడ్డీలకు, బూడిదకు నడుమ కనీసం నాలుగు వేళ్ళ ఎడం ఉండాలి.

6. మంట తగ్గలేదని జాలీ మీద నీళ్ళు చల్లరాదు. వేడి ఇనుము ఒక్కసారిగా ముడుచుకుంటుంది. బీడు జాలీ అయితే టపీమని పగులుతుంది. వేడి ఆవిరి, బూడిద కలిసి మొహానికి కొడతాయి.

7. బొగ్గును జల్లించి వాడాలి. నిమ్మకాయంత నుంచి కోడిగుడ్డంత ముక్కలు మంచివి. పొడి ఎక్కువైతే గాలి ఆడదు.

8. కొందరు అంగళ్ళలో చిన్న గాలి ఫ్యాను బిగించుకుంటారు. పొయ్యి నిండా నిప్పుండగా ఫ్యాను ఆపేసి కన్ను మూయకూడదు. చల్లార్చే గాలి ఆగిపోయి కడ్డీలు అప్పుడే ఎక్కువ కాలుతాయి. కన్ను తెరిచి ఉంచాలి.

కడ్డీలు పేర్చే పద్ధతి

మా పాత జాలీలో కడ్డీలను రెండు చివరలా మట్టిలో గట్టిగా దిగ్గొట్టినారు. తాత చూసి, "రైలు పట్టాల మధ్య సందు ఎందుకు వదిలేవాళ్ళు?" అని నన్నే అడిగినాడు. ఇది నాకు వచ్చు. వేడికి ఇనుము సాగుతుంది కాబట్టి. లెక్క వేసి చూసినాను. ఇనుము ఒక డిగ్రీ వేడికి తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు పన్నెండు వంతులు సాగుతుంది. అడుగు పొడవు కడ్డీ, అంటే సుమారు 300 మిల్లీమీటర్లు, ఆరువందల డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే ఏం చేస్తుంది? నడుమ వంగుతుంది. పైన బొగ్గు బరువు ఉండనే ఉంది, కాబట్టి కిందికే వంగుతుంది. జాతరలో జరిగింది ఇదే.

ఇప్పుడు కడ్డీలను రెండు చివరలా ఇటుక అంచు మీద ఊరికే ఆనించినాం. ఒక చివర మూడు మిల్లీమీటర్లు ఖాళీ వదిలినాం. కడ్డీకి కడ్డీకి నడుమ చూపుడువేలి మందం సందు. సందు ఇంకా ఎక్కువైతే మంచి నిప్పు రాలిపోతుంది, తక్కువైతే బూడిద రాలదు.

విడి కడ్డీలతో ఇంకొక లాభం ఉంది. పదిహేను రోజులకొకసారి, పొయ్యి చల్లగా ఉన్నప్పుడు, నడుమ కడ్డీలను అంచుకు, అంచు కడ్డీలను నడుమకు మారుస్తాం. కొంచెం వంగినదాన్ని తిరగేసి, ఉబ్బు పైకి వచ్చేట్టు పెడతాం. బరువుకు అది మళ్ళీ సమం అవుతుంది. మన హాస్టల్లో ముందు బెంచీ వాళ్ళను వెనకకు, వెనక వాళ్ళను ముందుకు మార్చినట్టే.

వేసవి సెలవుల్లో, మే నెలలో, వేసిన కడ్డీలు దసరా సెలవులకు నేను పోయేసరికి కూడా అవే ఉన్నాయి. కొంచెం సన్నబడినాయి, అంతే. ఆ డబ్బు మిగిలిందని అవ్వ చెల్లెలికి చెప్పులు కొనింది.

తీసిన బూడిద ఎక్కడ పోయాలి?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. బూడిద వేడిని పట్టుకొని ఉంటుంది, గాలిని లోపలికి పోనివ్వదు. అందుకే లోపలి నిప్పు త్వరగా కాలిపోదు, ఆరిపోదు. పైన చేయి పెడితే చల్లగా ఉన్నా లోపల ఒక రోజు దాటినా నిప్పు ఉండవచ్చు. మన పెద్దవాళ్ళు రాత్రి పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పి, పొద్దున అదే నిప్పుతో మళ్ళీ రాజేసేవారు. అక్కడ మేలు చేసిన గుణమే బయట పోసినప్పుడు ప్రాణానికి వస్తుంది.

మేం ఇప్పుడు మూత ఉన్న ఇనప డబ్బా పెట్టినాం. ప్లాస్టిక్ బకెట్టు, గోనె సంచి, అట్టపెట్టె పనికిరావు. డబ్బాను గడ్డివాముకు, కట్టెలకు, ఆటలాడే చోటుకు దూరంగా, ఉట్టి నేల మీద పెట్టాలి. బూడిద వేసినాక కాస్త దూరంగా నిలబడి కొంచెం కొంచెం నీళ్ళు చల్లాలి, పొడవాటి కట్టెతో కలపాలి, మళ్ళీ చల్లాలి. మా చిన్నాన్న చేసిన తప్పు ఒకే చెంబు నీళ్ళు పోసి వదిలేయడం. ఆ నీళ్ళు పై పొరనే తడిపినాయి. కలిపి ఉంటే లోపలి ఎరుపు కనబడి ఉండేది.

పూర్తిగా చల్లారిన బూడిదను జల్లెడ పడితే నల్లని ముక్కలు మిగులుతాయి. అవి సగం కాలిన బొగ్గు. మళ్ళీ పొయ్యిలో వేసుకోవచ్చు. మాకు వారానికి ఒక పొయ్యికి సరిపడా వస్తున్నాయి.

మిగిలిన బూడిద విషయంలో జాగ్రత్త. కట్టె బూడిదలో పొటాషియం ఉంటుంది, చెట్లకు కొంచెం వేస్తే మేలు. గిన్నెలు తోముకోవడానికి మన అవ్వలు వాడినది కూడా కట్టె, పిడకల బూడిదే. నేలబొగ్గు బూడిద వేరు. అందులో ఆర్సెనిక్, సీసం వంటి విషపు పదార్థాలు కొద్దిగా ఉంటాయి. దానితో పళ్ళు తోమరాదు, అన్నం గిన్నెలు తోమరాదు, కూరగాయల పాదుల్లో వేయరాదు. బావి దగ్గర పోయరాదు. చల్లారినాక దారిలో గుంటలు పూడ్చి పైన మన్ను కప్పవచ్చు.

కంటికి కనబడని శత్రువు

చలికాలం వస్తోంది కాబట్టి ఒక మాట. నిప్పు ఎర్రగా, పొగ లేకుండా ఉంటే అపాయం లేదని చాలామంది అనుకుంటారు. గదిలో కుంపటి పెట్టుకొని తలుపులు వేసి పడుకుంటారు. ఇది ప్రాణం తీసే పని. బొగ్గుకు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతి, మత్తు వస్తాయి, నిద్రలో ఉన్నవాళ్ళకు అవి కూడా తెలియవు. కంప బొగ్గయినా, రాక్షసి బొగ్గయినా ఒకటే. గూడు బూడిదతో నిండి గాలి ఆడని పొయ్యిలో ఈ వాయువు ఇంకా ఎక్కువ పుడుతుంది. కాబట్టి పొయ్యి ఆరుబయటనో, తలుపు, కిటికీ రెండూ తెరిచిన చోటనో ఉండాలి. బూడిద కప్పి ఉంచిన నిప్పును కూడా పడుకునే గదిలో ఉంచరాదు. ఎవరికైనా అట్లా మత్తు వస్తే ముందు బయటి గాలిలోకి మోసుకురావాలి, తరువాత 108కి ఫోను చేయాలి.

మన హాస్టల్ సంగతి

మన హాస్టల్లో అన్నం గ్యాసు మీద వండుతారు గాని, స్నానాల నీళ్ళు కాచే పెద్ద పొయ్యి కట్టెలదే. పోయిన ఆదివారం వాచ్‌మన్ అన్నతో కలిసి నేను, మా గది వాళ్ళు ఇద్దరం చూసినాం. దాని కింది గూడు బూడిదతో కడ్డీల దాకా నిండి ఉంది. నడుమ రెండు కడ్డీలు వంగడం మొదలైంది. ఉదయం పొయ్యి చల్లగా ఉన్నప్పుడు మూడు గంపల బూడిద తీసినాం. మరుసటి రోజు పొగ తగ్గిందని వాచ్‌మన్ అన్ననే చెప్పినాడు.

కావున వార్డెన్ మేడం గారికి మా మనవి ఏమనగా, ఆ పొయ్యి దగ్గరికి మూత ఉన్న ఒక ఇనప డబ్బా ఇప్పించవలెను. ఇప్పుడు బూడిద పోసే చోటు బట్టలు ఆరేసే తీగల కింద ఉన్నది. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లలు స్నానం చేసి ఉట్టి కాళ్ళతో అటే పోతారు. ఆ కుప్పను గోడ అవతలకు మార్పించవలెను. రోజూ గూడు ఖాళీ చేసే పని మా తొమ్మిదో తరగతి వాళ్ళం వంతులు వేసుకొని చేస్తాం. వంతుల పట్టిక ఈ గోడపత్రిక కింద అంటించినాం. పేరు వ్రాసుకోదలచినవారు పెన్సిలుతో వ్రాయండి. చెప్పులు వేసుకొని రండి.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని